రెండు తేలిక రైఫిళ్లు సొంతంగా తయారు చేసుకోవచ్చా?

ఈసారి మాకు అందిన ఉత్తరాలలో తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన కొన్ని ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందువల్ల వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకు రేణిగుంట రోడ్డులో చిన్న లేత్ షెడ్డు ఉంది. పంపు షాఫ్టులు, బుష్షులు తిప్పడం మా వృత్తి. అమెరికాలో కొందరు కేవలం సరదా కొద్దీ, తమకొకటి, కొడుక్కొకటి అన్నట్టుగా, తేలికపాటి రైఫిళ్ల జతను ఇంట్లోనే తయారు చేసుకుంటారని తెలిసి నాకూ ఆసక్తి కలిగింది. మా తమ్ముడు సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఇద్దరం కలిసి అలాంటి జత ఒకటి చేసుకుని, ఎవరికీ అమ్మకుండా, మా మామిడి తోటలో డబ్బాలు నిలబెట్టి గురి చూసుకోవడానికి మాత్రమే వాడుకుంటే తప్పవుతుందా? తయారయ్యాక లైసెన్సు తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తప్పవుతుంది, అదీ జరిమానా కట్టి బయటపడే తప్పు కాదు. 1959 నాటి ఆయుధాల చట్టంలో తుపాకీని దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు కావాలని సెక్షన్ 3 చెబుతుంది. తయారు చేయడానికి, అమ్మడానికి, మరమ్మతు చేయడానికి, పరీక్షించి చూడడానికి వేరే లైసెన్సు కావాలని సెక్షన్ 5 చెబుతుంది. మామూలుగా జనం ‘తుపాకీ లైసెన్సు’ అనేది మొదటిదాన్ని. అది చేతిలో ఉన్నవారికి కూడా ఒక తుపాకీని కొత్తగా తయారు చేసే హక్కు ఉండదు. సెక్షన్ 5ను అతిక్రమించి తయారు చేసినవారికి 2019 సవరణ తరువాత కనీసం 7 సంవత్సరాలు, గరిష్ఠంగా యావజ్జీవం జైలు శిక్ష, దానితోపాటు జరిమానా పడుతుంది. అమ్మలేదు, ఎవరినీ బెదిరించలేదు, మా తోటలో మేము కాల్చుకున్నాం అన్న వాదనలు శిక్ష ఎంత అన్నచోట న్యాయమూర్తి మనసులో ఏమైనా పనిచేస్తాయేమో గాని నేరం జరిగిందా లేదా అన్నచోట పనికిరావు, ఎందుకంటే చట్టం పట్టుకున్నది తయారీని, ఉద్దేశాన్ని కాదు.

మీ వృత్తిని బట్టి మీరు ప్రత్యేకంగా గమనించవలసిన మాట ఒకటి ఉంది. ఆ చట్టంలో ‘ఆయుధాలు’ అన్న నిర్వచనం పూర్తి తుపాకీతో ఆగలేదు. విడిభాగాలు, వాటిని తయారు చేసే యంత్రాలు కూడా అందులో చేరి ఉన్నాయి. సగం పూర్తయిన గొట్టం ఒకటి మీ షెడ్డులో దొరికితే, అది ఇంకా పేలదు కదా అని తప్పించుకోవడం కుదరదు. దాన్ని తిప్పిన లేత్ కూడా పంచనామాలోకి ఎక్కుతుంది. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే యంత్రాన్ని సరదా కోసం అంత దూరం తీసుకుపోవద్దని మా సలహా.

తయారయ్యాక లైసెన్సు తీసుకోవచ్చా అన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. మన దగ్గర వరుస క్రమం తిరగబడి ఉండదు. ముందు జిల్లా కలెక్టరుకు దరఖాస్తు, పోలీసు విచారణ, ఆయుధాన్ని భద్రంగా వాడడంలో శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం, ఆ పైన లైసెన్సు, దాని తరువాతే లైసెన్సు ఉన్న దుకాణంలో కొనుగోలు. కొన్న తుపాకీ మీది నంబరు లైసెన్సు పుస్తకంలోకి ఎక్కుతుంది, లైసెన్సుదారుకు ఇచ్చిన ప్రత్యేక సంఖ్య జాతీయ సమాచార నిధిలో ఉంటుంది. ఏ కర్మాగారంలో పుట్టిందో చెప్పలేని తుపాకీకి ఈ గొలుసులో ఎక్కడా చోటు లేదు. మీ తమ్ముడు గారు మాజీ సైనికుడు కావడం దరఖాస్తు సమయంలో ఆయనకు మంచి పేరు తేవచ్చు గాని, తయారీ విషయంలో ఆయనకూ మీకూ తేడా ఏమీ లేదు.

ఇక అమెరికా సంగతి. అక్కడ 1968లో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం తుపాకులు తయారు చేసి వ్యాపారం చేసేవారికి లైసెన్సు తప్పనిసరి చేసింది. తన సొంతానికి, అమ్మే ఉద్దేశం లేకుండా చేసుకునే వ్యక్తిని ఆ నిబంధన కిందికి తీసుకురాలేదు. అక్కడివారి సరదాకు ఆధారం ఇదే. అయితే అదేమీ హద్దులు లేని స్వేచ్ఛ కాదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్ వంటి రాష్ట్రాలు సొంత ఆంక్షలు పెట్టుకున్నాయి. సీరియల్ నంబరు లేకుండా సగం చేసిన భాగాలను పెట్టెలో పెట్టి అమ్మే వ్యాపారాన్ని అదుపు చేస్తూ 2022లో కేంద్ర ప్రభుత్వ నిబంధన వచ్చింది, దాన్ని 2025 మార్చిలో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. ఇంకో విషయం కూడా చెప్పాలి: అక్కడివారు ‘రైఫిల్ కట్టాను’ అని చెప్పుకునే పనిలో చాలా భాగం కూర్పు మాత్రమే. గొట్టం ఒక కర్మాగారానిది, తూటా గదిని మూసే బోల్టు మరొకరిది, భుజానికి ఆనించే కట్టె మూడోవారిది. ఇనుప కడ్డీని లేత్‌కు బిగించి గొట్టం తీసినవారు వారిలో అరుదు.

అలా ఉండడానికి చట్టం కాక మరో కారణం ఉంది. లేత్ పని తెలిసిన మీకు అది తొందరగా అర్థమవుతుంది. మన కారు చక్రంలో ఉండే గాలి ఒత్తిడి రెండు, రెండున్నర అట్మాస్ఫియర్లు. పెద్ద వేట రైఫిల్ పేలిన క్షణంలో తూటా కూర్చునే గదిలో పుట్టే ఒత్తిడి దాదాపు 4,000 అట్మాస్ఫియర్లు. అది పేల్చేవాడి ముఖానికి జానెడు దూరంలో జరుగుతుంది. అందుకే తుపాకులు తయారు చేసే చాలా దేశాలలో కొత్త గొట్టాన్ని మామూలు కంటే ఎక్కువ మందుతో ఒకసారి పేల్చి, తట్టుకున్నదాని మీద ముద్ర వేసి బయటికి పంపుతారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఈ పని కోసమే 1813లో చట్టం చేసి ఒక పరీక్షాలయం పెట్టారు. మన జిల్లాలో అడవి అంచు గ్రామాలలో అప్పుడప్పుడు పోలీసులకు పట్టుబడే నాటు తుపాకులకు అలాంటి ముద్ర ఉండదు. అలాంటివాటికి గొట్టంగా వాడే నీళ్ల పైపుకు అంత ఒత్తిడి మోసే ఉక్కు పెట్టరు. పంది మీదికి గురిపెట్టినవాడి చేతిలోనే గొట్టం పగిలితే, ఆసుపత్రికి వెళ్లినా కేసే, వెళ్లకపోయినా ప్రాణం మీదికే.

మీకు మీ తమ్ముడు గారికి కలిసి ఏదో ఒకటి చేయాలన్న కోరిక బలంగా ఉంటే, లైసెన్సు అక్కరలేని, దుకాణంలో కొన్న గాలి రైఫిల్‌కు కట్టె చెక్కే పని ఉంది. దాని సంగతి కింద మూడో ఉత్తరానికి ఇచ్చిన జవాబులో చూడండి. గాలి రైఫిల్ అయినా దాని యంత్రభాగాన్ని మాత్రం తాకవద్దు. ‘బలం పెంచుతాను’ అని స్ప్రింగు మార్చే పనికి పూనుకుంటే హద్దు దాటినట్టే.

ప్రశ్న: నేను శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లో ఎన్‌సీసీలో .22 రైఫిల్ కాల్చాను. అది నాకు బరువుగానే అనిపించేది. రైఫిల్ తేలికగా ఉంటే గురి మెరుగవుతుంది కదా, మరి సైన్యాలు, క్రీడాకారులు ఇంకా ఇంకా తేలికవి ఎందుకు చేసుకోరు?
— ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: ఎన్‌సీసీ కేడెట్లు బట్టీ పట్టే లెక్క ప్రకారం ఆ .22 డీలక్స్ రైఫిల్ బరువు 6 పౌండ్ల 2 ఔన్సులు, అంటే ఇంచుమించు 2.8 కిలోలు. రైఫిళ్లలో అది తేలికైన వర్గానికే చెందుతుంది. మీకు బరువనిపించడానికి కారణం తూకం కాదు. నేల మీద బోర్లా పడుకుని, ఎడమ చేతి మీద మొత్తం భారం మోపి, ఊపిరి బిగపట్టి ఉండడం. బరువు, గురి అన్న రెండింటి సంబంధం మీరనుకున్నదానికి దాదాపు తలకిందులుగా ఉంటుంది.

చేతిలో ఉన్న వస్తువు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, ఎందుకంటే గుండె కొట్టుకుంటుంది, కండరం వణుకుతుంది. బరువైన రైఫిల్ ఆ వణుకుకు తొందరగా లొంగదు. తేలికైనది ప్రతి చిన్న అదురుకూ జవాబు చెబుతుంది. 10 మీటర్ల గాలి రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, అంటే పెన్సిలు మొనతో కాగితం మీద పెట్టిన చుక్కంత. ఆ చుక్కను కొట్టవలసినవారు తేలిక రైఫిల్ కోరుకోరు. అంతర్జాతీయ నిబంధనలు అక్కడ రైఫిల్ బరువుకు 5.5 కిలోల గరిష్ఠ పరిమితి విధించవలసి వచ్చింది. తేలిక చేయకుండా ఆపడానికి కాదు, ఇంకా బరువు పెంచకుండా ఆపడానికి! 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచినా, 2012 లండన్‌లో మన హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చినా, వారు భుజానికెత్తుకున్నది ఈ తరగతి రైఫిలే.

రెండో సంగతి వెనుతన్ను. గుండు ముందుకు పోయినంత ఊపుతో రైఫిల్ వెనక్కి రావడం న్యూటన్ చెప్పిన లెక్క. గాలి రైఫిల్ విషయంలో ఇది లెక్కలోకి రాదు: అర గ్రాము పెల్లెట్ సెకనుకు 175 మీటర్ల వేగంతో పోతే, 5 కిలోల రైఫిల్ వెనక్కి వచ్చే వేగం సెకనుకు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. పెద్ద వేట రైఫిల్‌లో గుండు బరువు పది గ్రాముల వరకు, వేగం సెకనుకు 800 మీటర్లకు పైన. దాని వెంట మండిన మందు ఆవిరి అంతకంటే వేగంగా ఎగజిమ్ముతుంది. అన్నీ కలిపితే 4 కిలోల రైఫిల్ సెకనుకు దాదాపు మూడు మీటర్ల వేగంతో భుజాన్ని తన్నుతుంది. అదే తూటాను 2.5 కిలోల రైఫిల్‌లో పెడితే వేగం నాలుగున్నర మీటర్లు దాటుతుంది, భుజం మింగవలసిన శక్తి ఒకటికి 1.6 వంతులవుతుంది. మొదటి రెండు తూటాలకు మనిషి ఓర్చుకుంటాడు. ఆ తరువాత ట్రిగ్గర్ లాగడానికి ముందే కళ్లు మూసుకుంటాడు, భుజం ముందుకు తోస్తాడు. గురి చెడేది అక్కడ.

సైన్యాలు తేలిక రైఫిల్ ప్రయత్నించలేదని అనుకోవద్దు. మన పోలీసు స్టేషన్లలో చాలా కాలం కనిపించిన .303 రైఫిల్ కుటుంబంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు సైన్యం వాడిన నంబర్ 4 రైఫిల్ బరువు నాలుగు కిలోల పైచిలుకు. అడవుల్లో యుద్ధం చేసే సైనికులకు అది భారమని, 1944లో దాని గొట్టాన్ని కుదించి, చెక్కను తగ్గించి, లోహం అవసరం లేదనిపించిన చోటల్లా తొలిచి, నంబర్ 5 అనే రూపం తెచ్చారు. బరువు 3.2 కిలోలకు దిగింది. ‘జంగిల్ కార్బైన్’ అని దానికి పేరు వచ్చింది. తూటా మాత్రం అదే .303. ఫలితంగా తన్ను పెరిగింది. దాన్ని తగ్గించడానికి కట్టె మడమకు, అంటే భుజానికి ఆనే చివరకు, బిగించిన రబ్బరు దిండు సన్నగా ఉండి, దెబ్బనంతా భుజం మీద చిన్న చోట కేంద్రీకరించింది. గొట్టం పొట్టిదైనందువల్ల మంట కళ్లకు కొడుతుందని మూతికి గరాటు వంటిది తగిలించారు. వీటన్నిటినీ మించి, ఇవాళ సరిచేసిన గురి రేపటికి నిలవడం లేదన్న ఫిర్యాదు వచ్చింది. 1947లో తయారీ ఆపేశారు. బరువు తగ్గించే పనిలో ఎక్కడ చెయ్యి పెట్టినా మరొకచోట బాకీ తీర్చవలసి వస్తుందని ఆ ఒక్క రైఫిల్ కథ చదివితే చాలు.

పదేళ్లు దాటాక అమెరికాలో ఆర్మలైట్ కంపెనీ ఇంజినీరు యూజీన్ స్టోనర్ బృందం మరో దారి పట్టింది. పాత రైఫిల్‌ను తొలవకుండా, ఉక్కు అక్కరలేని చోట అల్యూమినియం మిశ్రమం, చెక్క ఉన్నచోట కృత్రిమ పదార్థం వాడింది. ముఖ్యంగా తూటానే చిన్నది చేసింది. నాలుగు గ్రాములు కూడా లేని గుండు భుజాన్ని పెద్దగా తన్నదు కనుక తేలిక రైఫిల్‌లో ఇమిడింది. ఇప్పటి అమెరికా అభిరుచిపరులు జతలుగా కూర్చుకునేవి ఎక్కువగా ఆ వంశానివే. మన సైన్యం వాడిన ఇన్సాస్ రైఫిల్ తూటా కొలత కూడా అదే, 5.56 మిల్లీమీటర్లు.

నిజంగా తేలిక రైఫిల్ కావలసినవాడు ఒకడున్నాడు: తెల్లవారుజామున కొండ ఎక్కడం మొదలుపెట్టి, రోజంతా మోసి, ఒకటో రెండో తూటాలు పేల్చే వేటగాడు. అమెరికాలో ఈ రకం రైఫిల్ మీద అంత మోజు ఉండడానికి కారణం ఆ కొండ వేటే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు సరదా వేటకు చోటు లేదు. శేషాచలం కొండల్లో వేటకని ఎవరూ చట్టబద్ధంగా తుపాకీ మోయరు. అంటే, చట్టం సంగతి పక్కన పెట్టినా, తేలిక రైఫిల్ తీర్చే అవసరమే మనకు లేదు. పై ఉత్తరం రాసిన సోదరులు తోటలో డబ్బాలు కొట్టాలనుకుంటున్నారు. ఆ పనికి బరువైన గాలి రైఫిలే మేలు.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి పక్కన, మాధవమాల చెక్క శిల్పులకు దగ్గరి ఊరు. నా దగ్గర లైసెన్సు అక్కరలేని గాలి రైఫిల్ ఉంది. దానికీ, మా బావమరిది దగ్గర ఉన్న అలాంటిదానికీ జతగా, ఒకే పోలికలో, ఎర్రచందనంతో కట్టెలు చెక్కించాలని ఉంది. తేలికగా, అందంగా ఉండాలి. సాధ్యమేనా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ముందుగా మీ గాలి రైఫిల్ నిజంగా లైసెన్సు అక్కరలేనిదేనా అన్నది చూసుకోండి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం కొలత .177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు. మూతి దగ్గర పెల్లెట్ శక్తి 20 జౌళ్లు దాటకూడదు. రెండింటిలో ఏది దాటినా లైసెన్సు కావలసిందే. క్రీడా రైఫిల్ ఎనిమిది జౌళ్ల దగ్గరే ఉంటుంది కనుక బాధ లేదు. కొన్నప్పుడు ఇచ్చిన రసీదు, శక్తి వివరం ఉన్న కాగితం జాగ్రత్తగా పెట్టుకోండి. దారిలో ఆపి అడిగినప్పుడు మాటల కంటే ఆ కాగితమే ఎక్కువ మాట్లాడుతుంది.

ఎర్రచందనం వద్దు. అడవి నుంచి వచ్చిన దుంగకు అటవీ శాఖ అనుమతి కాగితం లేకపోతే అది ఎంత అందమైన కట్టె అయినా కేసుకు సాక్ష్యమే, ఆ సంగతి మీ ఊరివారికి మేము చెప్పనక్కరలేదు. కాగితం ఉన్న చెక్క దొరికినా మీరు కోరిన తేలిక అందులో ఉండదు. మంచి ఎర్రచందనం చేవ నీళ్లలో మునుగుతుంది, అంటే ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము దాటిన బరువు. టేకు దాదాపు 0.65, అక్రోటు చెక్క కూడా ఆ దరిదాపుల్లోనే. మామూలు కట్టెకు ఒకటిన్నర లీటరు చెక్క పడుతుందనుకుంటే, టేకుతో కిలో లోపు ముగిసేది ఎర్రచందనంతో కిలోన్నర దాటుతుంది. పైగా అది గట్టిగా ఉండి పెళుసుగా విరుగుతుంది. మణికట్టు దగ్గర, కట్టె సన్నబడే చోట, రేకు, అంటే చెక్క నారల వరుస, అడ్డంగా పోయిందంటే చేయి జారి కింద పడిన రోజున రెండు ముక్కలే.

టేకు తీసుకోండి, పాత ఇంటి దూలానిదైతే మరీ మంచిది, ఎందుకంటే అది ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది. పచ్చి చెక్కతో చేసినది వానకాలంలో ఉబ్బి, మే నెల ఎండకు కుంచించుకుని, లోహపు భాగాన్ని ఒకవైపు నొక్కుతుంది. గురి ఎందుకు పక్కకు పోతోందో తెలియక మనిషి కళ్లద్దాలు మార్చుకుంటాడు. యూరప్, అమెరికా తయారీదారులు చెక్కను వదిలి ఫైబరు వైపు పోవడానికి తేలికతో పాటు ఈ వంపు తిరిగే గుణమూ కారణం. రేకు మణికట్టు వంపు వెంట నిలువుగా పోయేటట్టు పలక కోయమని చెప్పండి. పాత కట్టెను పక్కన పెట్టి, లోహం కూర్చునే గాడిని ముందు తీయించి, బిగింపు మరలు సరిగ్గా కుదిరాయని చూసుకున్న తరువాతే బయటి ఆకారానికి బాడిసె తాకనివ్వండి. నగిషీ మీద మోజుతో వడ్రంగి ముందుగా లతలు చెక్కితే గాడి తప్పిన రోజున పలకంతా వృథా. ఇక పొడవు: మోచేయి మడిచి, కట్టె మడమను మోచేతి లోపలి మడతలో ఆనించినప్పుడు చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌ను హాయిగా అందుకోవాలి. మీకూ మీ బావమరిది గారికీ చేతుల పొడవు ఒకటే కాకపోతే జత అన్న పేరుతో ఒకే కొలత పెట్టవద్దు. లత ఒకటే ఉండనివ్వండి, పొడవు ఎవరిది వారిది.

మెరుగు కోసం మందపు వార్నిష్ కాకుండా అవిసె నూనె పలచగా పట్టించి, ఆరాక మళ్లీ పట్టించండి. చెమట చేతికి జారదు.

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర, కౌండిన్య అడవి అంచు. వేరుశనగ, టమాటా వేస్తాం. రాత్రిళ్లు అడవి పందులు పడి దున్నేస్తున్నాయి. మా జేజినాయన కాలంలో ఇంట్లో తుపాకీ ఉండేదట. పంట కాపలాకు తేలికైన రైఫిల్ ఒకటి నాకు, ఒకటి మా చిన్నాయన కొడుక్కు లైసెన్సు మీద దొరుకుతుందా? దొరకకపోతే ఊళ్లో చేయించుకునే దారి ఉంది.
— ఒక రైతు, పలమనేరు

జవాబు: చివరి వాక్యం మీరు రాయనట్టే అనుకుంటాం; మొదటి ఉత్తరానికి ఇచ్చిన జవాబు మీకూ వర్తిస్తుంది.

పంట కాపలాకు రైఫిల్ ఇవ్వాలన్నది చట్టం ఆలోచన కాదు. సెక్షన్ 13లో పంట రక్షణ కోసమని పేరు పెట్టి చెప్పినది మూతి నుంచి మందు కూరే తుపాకీ. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే గొట్టం లోపల నున్నగా ఉండే మరో రకం తుపాకీ. రైఫిల్ గొట్టంలో మెలి గాడులుంటాయి. గుండు గిరగిరా తిరుగుతూ కిలోమీటర్లు పోతుంది. చీకట్లో పంది తప్పిన గుండు అవతలి పొలంలో కాపలా పడుకున్నవాడిని వెతుక్కుంటుంది. పల్లెల మధ్య దాన్ని పేల్చకూడదనడంలో న్యాయం ఉంది.

లైసెన్సు దొరికినా అది పందిని చంపడానికి అనుమతి కాదు. అవి రెండు వేరు చట్టాలు. అడవి పంది వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న జంతువు; పంటకు ప్రమాదకరంగా మారినప్పుడు దాన్ని ఏం చేయాలో నిర్ణయించే అధికారం సెక్షన్ 11 కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి, ఆయన అధికారమిచ్చినవారికి ఉంటుంది. ఏనుగు విషయంలో అయితే మీ ప్రాంతంలో ఆ మాటే ఎత్తకండి. పంట నష్టపోయిన ఉదయమే ఫొటోలు తీసి, అటవీ రేంజి కార్యాలయంలో, రెవెన్యూ వారి దగ్గర రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పరిహారానికీ, తరువాత లైసెన్సు అడగడానికీ ఆ కాగితమే పునాది. మీ జేజినాయన గారి తుపాకీ ఎక్కడైనా అటక మీద మిగిలి ఉంటే, దాన్ని తుడిచి పేల్చి చూడకుండా పోలీసు స్టేషనులో అప్పగించండి. వారసత్వంగా తీసుకునే దరఖాస్తు అక్కడి నుంచే మొదలవుతుంది.

ప్రశ్న: మా కవల పిల్లలకు పన్నెండేళ్లు నిండాయి, అమ్మాయి, అబ్బాయి. ఇద్దరికీ రైఫిల్ షూటింగ్ మీద ఇష్టం. ఇద్దరికీ చెరొక తేలిక గాలి రైఫిల్ కొనాలా?
— ఒక తల్లి, చిత్తూరు

జవాబు: ఇప్పుడే రెండు కొనకండి. కోచ్ దగ్గర చేర్చి, అక్కడున్న రైఫిల్‌తో ఒక ఏడాది సాధన చేయనివ్వండి. ఈ వయసులో చేతులు, భుజాలు ఎదుగుతూ ఉంటాయి, నేడు కుదిరిన కట్టె వచ్చే సంవత్సరానికి పొట్టిదవుతుంది. కొనేనాటికి కట్టె పొడవు, చెంప ఆనే ఎత్తు, మడమ ఎత్తు సర్దుకునే వీలున్న ఒక్కటి కొంటే ఇద్దరూ వంతుల వారీగా వాడవచ్చు. మొదట్లో మూడున్నర, నాలుగు కిలోలది చాలు. నిలబడే భంగిమ కుదిరాక తూనిక బిళ్లలు చేర్చుకుంటూ పోతారు. తేలికది ఇస్తే పిల్లలు దాన్ని కండబలంతో ఎత్తి పట్టుకోవడం అలవాటు చేసుకుంటారు, నడుము ఎముక మీద మోచేయి ఆన్చి ఎముకల మీద నిలపడం నేర్చుకోరు. ఆ అలవాటు తరువాత మాన్పించడం కోచ్‌లకు తలనొప్పి.

ఇంట్లో పెట్టుకునేటప్పుడు పెల్లెట్లు వేరుగా, రైఫిల్ వేరుగా, తాళం మీ దగ్గర. మిద్దె మీద సాధన చేస్తామంటే వెనుక పెల్లెట్‌ను ఆపే ఇనుప పెట్టె, పక్కలకు గోడ ఉండాలి. అలా లేకపోతే ఒప్పుకోకండి. పక్షుల మీద గురి పెడితే అదే రోజు రైఫిల్ లాక్కోండి, అది ఆటా కాదు, చట్టం ఊరుకునే పనీ కాదు. పోటీకని తిరుపతి మీదుగా ప్రయాణిస్తూ, పనిలో పనిగా కొండకు వెళ్లి దర్శనం చేసుకుని వద్దామని కారు డిక్కీలో రైఫిల్ ఉంచుకుని అలిపిరి దాకా పోవద్దు. ఆయుధాలను పైకి అనుమతించరు, అది గాలి రైఫిలే అని తనిఖీ సిబ్బందికి నచ్చజెప్పే లోపు మీ దర్శన సమయం దాటిపోతుంది. రైఫిల్‌ను కిందనే, తెలిసినవారి ఇంట్లో తాళం వేసి ఉంచి వెళ్లండి.